క్రొత్తగా పఱచిన నేలపై తెల్లని పొర

క్రొత్త ఇల్లు కట్టుకొనినవారు గాని, పాత ఇంటికి క్రొత్త నేల వేయించుకొనినవారు గాని, మేస్త్రీ పని ముగించి కూలి పుచ్చుకొని వెళ్లిన మఱునాటి ఉదయమున నేలను చూచి ఖిన్నులగుట తఱచుగా జరుగుచుండును. దుకాణములో అద్దమువలె మెఱసిన టైళ్లు ఇపుడు బూడిద చల్లినట్లు మసకగా కనిపించును. తడిగుడ్డతో తుడిచినచో ఆ మసక మాయమగును. ఆరినంతనే మరల ప్రత్యక్షమగును. నాలుగుమార్లు తుడిచినను పదిమార్లు తుడిచినను ఇదియే వరుస. టైళ్లు నాసిరకమువని తలచి కొందఱు దుకాణదారుతో తగవులాడుదురు. కొందఱు మేస్త్రీని నిందింతురు. పెక్కుమంది పొరుగువారి సలహాపై ఒక యాసిడ్ సీసా తెప్పింతురు.

ఆరోగ్య విషయములను తెలుపుటకై వెలువడు పుస్తికలలో నేల తళతళను గూర్చిన ప్రసంగమేల అని పాఠకులు అడుగవచ్చును. ఆ యాసిడ్ సీసాయే అందుకు సమాధానము. నేలపై నిలిచిన తెల్లని పొర ఎవరికిని హాని చేయదు. దానిని వదలించు తొందరలో మనము చేయు పనులే కన్నులకును, ఊపిరితిత్తులకును, చేతులకును చేటు తెచ్చుచున్నవి. ఆ చేటు మా ఇంటనే జరిగినది గనుక ఈ విషయమును కొంత విపులముగా వ్రాయుచున్నాను.

ముందుగా ఈ పొరకు పేరు కావలెను. ఆంగ్లములో దీనిని 'హేజ్' అందురు. నిఘంటువును తెఱచినచో మంచు, మసక, మబ్బు అను అర్థములు దొరకును. ఏది వాడవలెనో తోచక నేను ఒక తాపీమేస్త్రీని అడుగగా, అతడు క్షణమైనను ఆలోచింపక, "సిమెంటు పాలండీ, తుడవకుండా వదిలేస్తే ఆరిపోయినయ్" అని చెప్పినాడు. తెలుగులో ఎం.ఏ. చదివినవానికంటె అతడే మంచి అనువాదకుడని ఒప్పుకొనక తప్పలేదు.

ఈ పొర ఎట్లు పుట్టును?

టైలునకు టైలునకు నడుమ రెండు మూడు మిల్లీమీటర్ల సందు విడుతురు. ఆ సందులో నింపు మెత్తని ముద్దకు గ్రౌట్ అని పేరు. మన ప్రాంతములలో చాలకాలము తెల్ల సిమెంటునే నీళ్లతో కలిపి, కావలసినచో రంగుపొడి చేర్చి వాడుచుండిరి. నేటికిని చాలచోట్ల వాడుచున్నారు. ఇపుడు సంచులలో సిద్ధముగా దొరకు గ్రౌట్ పొడులును వచ్చినవి. వానిలో అధిక భాగమునకు మూలవస్తువు సిమెంటే. మేస్త్రీ ఆ ముద్దను రబ్బరు పలకతో నేలయంతట రాచి సందులలోనికి ఒత్తును. అట్లు రాచునపుడు టైలు ముఖముపై పలుచని పూత మిగులుట సహజము. నీరు ఆవిరియై పోయిన పిదప ఆ పూతలోని సిమెంటును, సన్నని రంగుపొడియు టైలును పట్టుకొని ఉండిపోవును.

సిమెంటు నీటితో కలసి గట్టిపడునపుడు కొంత సున్నమును విడుదల చేయును. ఆ సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి క్రమముగా సుద్దగా మాఱును. గోడకు వేసిన సున్నము కొన్ని దినములకు చేతికంటకుండ గట్టిపడుటకును ఇదియే కారణము. కావున మొదటినాడు తడిగుడ్డకు లొంగిన పొర పదవనాడు లొంగదు. తడిసినపుడు పొర కనిపింపకపోవుటలో వింత లేదు. అందలి సూక్ష్మరంధ్రములు నీటితో నిండగా వెలుతురు చెదరక లోనికి పోవును. ఆరినపుడు వెలుతురు చెదరి తెల్లగా కనిపించును.

ఇందలి సున్నమును మన గృహిణులు కనులార చూడగల తావొకటి కలదు. గృహప్రవేశమునాడు క్రొత్త గడపకు పసుపు పూయునపుడు ఆ పసుపునీరు ప్రక్కనున్న తెల్లని సందులపై చిందును. కొంతసేపటికి అచ్చట పసుపురంగునకు మాఱుగా ఎఱ్ఱని చారలు కనిపించును. కొందఱు దానిని అపశకునమని భయపడుదురు. భయపడవలసినది లేదు. పసుపును సున్నమును కలిపి పారాణి చేయుటలో ఏది జరుగునో ఇచ్చటను అదియే జరిగినది. సందులోని సిమెంటు ఇంకను క్షారగుణము కలిగియున్నదని ఆ ఎఱుపు తెలుపుచున్నది. ఈ చిన్న పరీక్ష మనకు ముందు మరల ఉపయోగపడును.

మొదటి దినముననే చేయవలసిన పని

పొర పట్టిన తరువాత చేయు చికిత్సకంటె పట్టకుండ చేయుట పదిరెట్లు సులభము. ఆ పని గ్రౌట్ నింపిన దినముననే, కొన్ని గంటలలోనే జరుగవలెను. ఇంటి యజమాని అచ్చట నిలిచి చూచుట మంచిది.

గ్రౌట్ కలుపునపుడు సంచిపై తెలిపిన కొలత ప్రకారమే నీరు పోయవలెను. పలుచగా నున్నచో రాచుట తేలికయని పనివారు నీరు ఎక్కువ పోయుదురు. నీరు ఎక్కువైనకొలది నేలపై పాలు ఎక్కువగును; సందులో బలము తగ్గును; రంగు సమముగా నుండదు. ముద్దను సందులలో నింపిన పిదప పదునైదు మొదలు ముప్పది నిమిషముల వఱకు ఆగవలెను. వ్రేలితో ఒత్తినపుడు ముద్ద గుంటపడక, వ్రేలికి అంటక యుండుట దానికి గుర్తు. రోహిణి కార్తె ఎండలలో ఈ వ్యవధి ఇంకను తక్కువ. అట్టి దినములలో గదియంతట ఒక్కమారుగా నింపక కొంచెము కొంచెముగా నింపి తుడుచుకొనుచు పోవలెను. వర్షకాలమున వ్యవధి పెరుగును.

తుడుచుటకు రెండు బకెట్ల మంచినీరును, మెత్తని స్పాంజియు కావలెను. స్పాంజిని బాగుగా పిండవలెను, నీరు కారుచుండరాదు. సందు వెంబడి తుడిచినచో సందులోని ముద్ద లేచివచ్చును గనుక సందులకు ఏటవాలుగా ఒక్క వరుస తుడిచి, స్పాంజిని త్రిప్పి రెండవ ముఖముతో మఱియొక వరుస తుడిచి, వెంటనే ఒక బకెట్టులో కడిగి, రెండవ దానిలో జాడింపవలెను. అధిక భాగము తెల్లని పొరకు కారణము బకెట్టులోని నీరే. పాలవలె తెల్లబడిన నీటితో నేలను తుడుచుట యనగా సిమెంటును ఒకచోట తీసి వేఱొకచోట పూయుటయే. నీరు తెల్లబడినంతనే పాఱబోయవలెను. నీటికి కఱవున్న ఊళ్లలో ఇది కష్టమే. కాని ఆనాడు పొదుపు చేసిన రెండు బకెట్ల నీటికి బదులు తరువాత ఇరువది బకెట్లు ఖర్చగును.

రెండు మూడు గంటలు గడచిన పిదప పలుచని పొర తేలుట కనిపించును. అపుడు తడి తగులనీయక, పొడి నూలుగుడ్డతో గట్టిగా రుద్దవలెను. చీకిన పాత పంచెకంటె ఈ పనికి తగినది లేదు. మైక్రోఫైబరు గుడ్డలును బాగుగానే పనిచేయును. మఱునాటి సాయంకాలము వఱకు కూడ ఈ పొడిరుద్దుడు ఫలమునిచ్చును. ఆపైన దినదినమునకు దాని ఫలము తగ్గిపోవును.

ఇంత తేలికయైన పని ఏల జరుగుట లేదు? మేస్త్రీకి చదరపు అడుగునకు ఇంత అని కూలి నిర్ణయింతురు. రెండవమారు తుడుచుటకు ఆ లెక్కలో చోటు లేదు. అతడు సాయంకాలములోపల మఱియొక గది ముగింపవలెను. బేరము కుదుర్చుకొనునపుడే తుడుపు పనికి వేఱుగా కూలి ఇత్తుమని చెప్పి, ఆ పని ముగిసిన పిదపనే లెక్క తేల్చుట ఉభయులకును మేలు. మేస్త్రీలను సోమరులని తిట్టుటకంటె ఇది న్యాయమైన మార్గమని నా అభిప్రాయము.

పొర పట్టినచో

మొదట అది నిజముగా సిమెంటు పొరయే అని నిశ్చయించుకొనవలెను. మెఱుగు పెట్టిన విట్రిఫైడ్ టైళ్లపై కర్మాగారములోనే పలుచని మైనపు పూత పూసి పంపుట కలదు. దానిపై దుమ్ము అంటి మసకగా కనిపించును. గోరువెచ్చని సబ్బునీటితో కడిగి తుడుచుటతో అది పోవును. గొట్టపుబావి ఉప్పునీటితో దినమును తుడుచు ఇండ్లలో ఆ నీటి ఉప్పులే తెల్లని మరకలుగా నిలుచును. మూల యందొక టైలుపై నాలుగు చుక్కల వెనిగరు వేసి, అయిదు నిమిషములకు తుడిచి, ఆరనిచ్చి చూడవలెను. ఆ మేర మెఱుపు వచ్చినచో అచ్చటనున్నది సున్నపు పొరయని తేలినట్లే. ఏ మార్పును లేనిచో అది ఎపాక్సీ గ్రౌట్ పొర కావచ్చును. ఎపాక్సీ ఒక విధమైన జిగురు; అందు సిమెంటు లేదు గనుక పులుసు పదార్థములకు లొంగదు. దానిని ఒకటి రెండు దినములలోపల ఆ గ్రౌట్ చేసినవారే అమ్ము ద్రావకముతో తీయవలెను.

సిమెంటు పొరకు మొదటి మందు గోరువెచ్చని నీరు, కొంచెము మెత్తని సబ్బు, నైలాను బ్రష్షు, భుజబలము. చాలమంది ఈ మందును వాడకయే పై మందులకు పోవుదురు. పొర పట్టి వారమే అయినచో ఇంతమాత్రము చాలును. ఇనుప పీచుతో రుద్దరాదు. అది టైలును గీయును. దాని తునుకలు సందులలో చిక్కి, తడి తగిలి, తుప్పుపట్టి, తెల్లని సందులను గోధుమరంగున మార్చును.

సబ్బునీటికి లొంగని పొరకు పులుపు కావలెను. ఇత్తడి చెంబును చింతపండుతో తోమినపుడు కిలుము పోవుటలో ఉన్న సూత్రమే ఇచ్చటను వర్తించును. అయితే చింతపండు తన రంగును సందులలో విడిచిపోవును గనుక నేలకు పనికిరాదు. ఒక పాలు వెనిగరునకు నాలుగైదు పాళ్ల నీరు కలిపి గాని, లీటరు గోరువెచ్చని నీటిలో రెండు మూడు చెంచాల నిమ్మ ఉప్పు కరగించి గాని వాడుకొనవచ్చును. మొండిపొరలకు సల్ఫామిక్ ఆమ్లము పొడిగా దొరకును. దానిని పొట్లముపై వ్రాసిన పాళ్లలో, చేతితొడుగులు ధరించి, కిటికీలు తెఱచి వాడవలెను.

ఈ పులుపు నీటిని గ్రౌట్ నింపిన పది దినములలోపల వాడరాదు. నాలుగు వారములు ఆగగలిగినచో ఇంకను మంచిది. పులుపునకు పొర ఏదో సందు ఏదో తెలియదు. రెండును సున్నమే గనుక రెండింటిని తినును. కావున వాడుటకు ముందు సందులు తాగగలిగినంత మంచినీరు పోసి, పైని నిలిచిన నీటిని తుడిచివేయవలెను. ముందే నీరు తాగిన సందు పులుపును తాగదు. చాప వెడల్పు మేర మాత్రము ఒక్కొక్కమారు తడిపి, రెండు మూడు నిమిషములు రుద్ది, ఆరకముందే మంచినీటితో రెండుమార్లు కడిగి, పిదప బకెట్టు నీటిలో గుప్పెడు వంటసోడా కలిపి ఒకమారు తుడువవలెను. సోడా మిగిలిన పులుపును విఱిచివేయును. చివర మరల మంచినీరు.

కొన్ని నేలలకు నిమ్మరసమైనను పనికిరాదు. పాలరాయి, తాండూరు బండ, షాబాదు బండ, కడప రాయి, బేతంచర్ల రాయి, కోటా రాయి ఇవన్నియు సున్నపురాళ్ల జాతికి చెందినవి. మొజాయిక్ నేలలో పాలరాతి ముక్కలును సిమెంటును తప్ప వేఱేమియు లేదు. కారైకుడి ప్రాంతపు ఆత్తంగుడి పలకలును సిమెంటువే. పులుపు తగిలిన చోట ఇవి బొబ్బలెక్కి, మెఱుగు పోయి, తెల్లని మచ్చ నిలుచును. ఆ మచ్చ మరకవంటిది గాదు, రాయి తఱిగిపోయిన గుర్తు. మరల మెఱుగు పెట్టించుట తప్ప దానికి ఉపాయము లేదు. ఇట్టి రాళ్లపై పొర పట్టినచో నీరు, మెత్తని సబ్బు, ఓపిక, ఇవియే సాధనములు.

యాసిడ్ సీసా

కొన్నేండ్ల క్రిందట మా స్వంత ఇంటి పని ముగియుటకు వచ్చినది. గృహప్రవేశ ముహూర్తమునకు నాలుగు దినములే వ్యవధి. స్నానపు గదిలోను వంటింటిలోను టైళ్లపై తెల్లని పొర దట్టముగా పట్టియుండెను. ఏమి చేయుదమని మేస్త్రీని అడిగితిని. "ఒక యాసిడ్ సీసా తెప్పించండి సార్, గంటలో అద్దంలా చేసేస్తా" అని అతడు ధైర్యము చెప్పినాడు. దుకాణములో యాసిడ్ అని అమ్మునది హైడ్రోక్లోరిక్ ఆమ్లము; ఇనుపధాతువు కలిసియుండుటచేత లేత పసుపురంగున నుండును. అతడు దానిని నీళ్లు కలుపకయే పోసినాడు. నేల బుసబుస పొంగినది. పొర పోయినది. నేనును సంతోషించితిని.

సాయంకాలమునకు తెల్లని సందులు పసుపురంగునకు తిరిగినవి. అది యాసిడ్‌లోని ఇనుము చేసిన పని యని అపుడు నాకు తెలియదు. నీటితొట్టిలో వేయుటకై తెచ్చిన బ్లీచింగ్ పౌడరు ఇంట నుండెను. మరకలు పోవునని తలచి, దానిని చల్లి రుద్దుమని మా ఇంట పనిచేయు ఆమెతో చెప్పితిని. స్నానపు గదిలో యాసిడ్ ఇంకను పూర్తిగా కడుగబడలేదు. గాలి తగులని చిన్న గది. ఆమె గొంతుకూర్చుండి గుడ్డతో రుద్దుచుండెను. రెండు నిమిషములలో కన్నులు మూసికొని వెలుపలికి వచ్చి, "అయ్యగారూ, గొంతు మండిపోతోంది, ఊపిరాడ్డం లేదు" అని గోడ నానుకొని కూలబడినది.

బ్లీచింగ్ పౌడరునకు యాసిడ్ తగిలినచో క్లోరిన్ వాయువు పుట్టును. 1915 ఏప్రిల్ 22న బెల్జియములోని ఈప్రె వద్ద జర్మను సేనలు శత్రువులపై విడిచినది ఈ వాయువునే. అది గాలికంటె సుమారు రెండున్నర రెట్లు బరువైనది. కావున పైకి పోక నేలనంటి నిలుచును. నిలువబడి కఱ్ఱతో తుడుచువానికంటె గొంతుకూర్చుండి చేతితో తుడుచువారు దానిని ఎక్కువగా పీల్తురు. మన ఇండ్లలో నేల తుడుచునది స్త్రీలు, తుడుచునది కూర్చుండియే. బకెట్టు ప్రక్కన ఆడుకొను పసిబిడ్డల ముఖములును ఆ ఎత్తుననే ఉండును.

ఆమెను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోయితిమి. ప్రాణవాయువు పెట్టి రెండు దినములు అచ్చటనే ఉంచిరి. బ్రదికి బయటపడినది గాని దగ్గు చాలవారముల వఱకు వదలలేదు. ఆమె తప్పు ఇందేమియు లేదు. ఆమె నేను చెప్పిన పనిని చేసినది. చెప్పుటకు ముందు నేను సీసాపైనున్న రెండు వాక్యములు చదువలేదు. వ్రాతకోతలే వృత్తిగా గలవాడు అవి చదువకపోవుటను నేటికిని క్షమించుకొనలేకున్నాను.

క్లోరిన్ సోకినవారిని తక్షణమే వెలుపలి గాలికి తీసికొనిపోవలెను. తీసికొనివచ్చుటకు పోవువారు లోపల ఊపిరి పీల్చక, వంగక, వీలైనంత త్వరగా తిరిగి రావలెను. వాయువు దట్టముగా నున్నచో లోనికి పోక సహాయమునకై పిలువవలెను. గదిలోని మిశ్రమముపై మఱియే పదార్థమును పోయరాదు. తలుపులు తెఱచి దూరముగా నుండవలెను. కన్నులు మండుచున్నచో ధారగా పడు మంచినీటితో పదునైదు మొదలు ఇరువది నిమిషములు కడుగవలెను. వస్త్రములపై చిందియున్నచో వానిని విడిపించి శరీరమును కడుగవలెను. తెరపి కలిగినది గదా యని ఇంటనే ఉంచుట ప్రమాదము: ఊపిరితిత్తులలో నీరు చేరుట కొన్ని గంటల తరువాతనైనను సంభవింపవచ్చును. ఆయాసముగాని, ఎడతెగని దగ్గుగాని, ఱొమ్ములో బిగింపుగాని ఉన్నచో 108కి ఫోను చేయవలెను. ఎవరైన యాసిడ్‌ను పొరపాటున త్రాగినచో వాంతి చేయింపరాదు. లోపల కాల్చిన ద్రవము పైకి వచ్చునపుడు గొంతును రెండవమారు కాల్చును. పులుపునకు విఱుగుడని సోడాగాని సున్నపునీరుగాని పట్టరాదు. సీసాను వెంట తీసికొని వైద్యునికడకు పోవలెను.

బ్లీచింగ్ పౌడరును అమోనియా గల ద్రవములతో కలిపినను విషవాయువులే పుట్టును. ఒక శుభ్రక ద్రవము పనిచేయనపుడు దానిపై మఱియొకటి పోయుట మన ఇండ్లలో చాల వ్యాపించిన అలవాటు. వెనిగరు వంటి తేలికపాటి పులుపుతో కలసినను బ్లీచింగ్ పౌడరు క్లోరిన్‌ను విడిచిపెట్టును గనుక, పైని చెప్పిన నిమ్మ ఉప్పు నీటికి కూడ ఈ హెచ్చరిక చెల్లును.

యాసిడ్ సీసాలను గూర్చి వేఱొక మాట. యాసిడ్ దాడుల విషయమై లక్ష్మి అను బాధితురాలు వేసిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2013 జూలై 18న ఇచ్చిన ఉత్తరువు ప్రకారము, యాసిడ్ అమ్మువారు కొనువారి వివరములను పుస్తకములో వ్రాయవలెను. ప్రభుత్వము ఇచ్చిన గుర్తింపు పత్రము చూడవలెను. పదునెనిమిదేండ్లు నిండనివారికి అమ్మరాదు. ఇట్లు కష్టపడి కొనిన దానిని ఇంటికి తెచ్చి, మిగిలినంత నీళ్లసీసాలోనో శీతల పానీయపు సీసాలోనో పోసి మూలన పెట్టుట నేను స్వయముగా చూచితిని. చీకటిలో దాహమైనవాడు ఏ సీసా ఎత్తునో చెప్పజాలము. తొలి సీసాలో తప్ప వేఱొక దానిలో దానిని పోయరాదు. నా అనుభవములో గృహస్థునకు నేల పొరకై ఈ ఆమ్లము కావలసిన సందర్భమే లేదు.

మా నేల సంగతి చెప్పవలసి యున్నది. యాసిడ్ తిన్న సందులు గుల్లబడి, నెలలోపల పొడిరాలి, స్నానపు గది నీరు క్రిందికి దిగజొచ్చినది. సందులన్నియు గీరించి క్రొత్తగా నింపించితిమి. కుళాయిల మెఱుగు ఆవిరి తగిలి నల్లబడినది. వంటింటి కడప రాతి అరుగుపై చిందిన చోట అరచేతి వెడల్పున తెల్లని మచ్చ నేటికిని ఉన్నది.

సందుల రంగు మాఱుట

పొర పోయిన పిదప కొందఱికి సందుల రంగుపై దిగులు కలుగును. ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా ఉండును. నీరు పాళ్లు తప్పి కలుపుట, తుడుచునపుడు నీరెక్కువై రంగుపొడి కొట్టుకొనిపోవుట, కిటికీ ప్రక్కన ఎండకు ముందుగా ఆరుట ఇందుకు ముఖ్య కారణములు. క్రింది గచ్చు ఇంకను తడిగానున్నచో సందులు ముదురుగా కనిపించి, నెల రెండు నెలలలో తమంతట తామే తేలును. కావున వెంటనే ఏ చికిత్సయు చేయరాదు. అప్పటికిని తేడా నిలిచినచో అదే రంగు గ్రౌట్‌ను సన్నగా కలిపి పైపూతగా రాచి, మొదటినాటి పద్ధతిననే తుడిచివేయవచ్చును.

సందులపై పిండివలె తెల్లని పొడి తేలుట వేఱు వ్యాధి. పల్లెలలో గోడకు చవుడెక్కినదందురు గదా, అదియే ఇది. లోపలి తడి పైకి వచ్చుచు సున్నమును ఉప్పులను మోసికొనివచ్చి, తాను ఆవిరియై వానిని విడిచిపోవును. పొడి బ్రష్షుతో దులిపి, ఊడ్చి, పిదప తడిగుడ్డతో తుడువవలెను. నీళ్లు కుమ్మరించి కడిగినచో ఆ నీరే మరల లోనికి పోయి మఱింత ఉప్పును తెచ్చును. క్రొత్త నేలలో ఇది కొన్ని నెలలలో తగ్గిపోవును. తగ్గక ఒకేచోట మరల మరల వచ్చుచున్నచో అచ్చట గొట్టమేదో కారుచున్నదని అనుమానింపవలెను. గడపవద్ద పసుపు మరకలకు తొందర వలదు. పసుపు రంగు ఎండకు నిలువదు. వెలుతురు సోకు చోటైనచో కొన్ని దినములలో వెలిసిపోవును.

శుభ్రము ముగిసినదో లేదో తెలిసికొనుటకు ఇందాక చెప్పిన పారాణి పరీక్షను వాడవచ్చును. తెల్లకాగితముపై పసుపునీరు పూసి ఆరబెట్టి, నేల కడిగిన నీటిని ఒక చుక్క దానిపై వేయవలెను. ఎఱ్ఱబడినచో సున్నమో సోడాయో ఇంకను మిగిలియున్నది. మరల మంచినీటితో తుడువవలెను.

పనివాని చేతులు

తడి సిమెంటు చర్మమును కాల్చుననుట చాలమందికి నమ్మశక్యము గాదు. నిప్పువలె తగిలినంతనే బాధ పెట్టక, మోకాళ్లపై కూర్చుండి పూటయంతయు పనిచేసినవానికి సాయంకాలమున కడుగుకొనునపుడు గాని పుండు తెలియదు. సిమెంటులోని క్రోమియము కొందఱికి ఒడలికి పడక, చేతులు పగిలి, దురదయై జీవితాంతము వేధించును. ఈ కారణముననే ఐరోపా సమాఖ్య 2005 మొదలు సిమెంటులో కరుగు క్రోమియమునకు హద్దు విధించినది. రబ్బరు తొడుగులు, మోకాళ్లక్రింద వేసికొనుటకు దళసరి రబ్బరు చాప, ప్రక్కన చేతులు కడుగుకొనుటకు వేఱొక బకెట్టు మంచినీరు, ఇవి ఇంటి యజమాని సమకూర్చవలసినవి. 

ఎండిన గ్రౌట్‌ను గరుకు కాగితముతోగాని యంత్రముతోగాని పొడిగా గీయుట మఱియొక హాని. అందులోని ఇసుకయు, కోసిన టైలు పొడియు సన్నని సిలికా ధూళిగా లేచి ఊపిరితిత్తులలో నిలుచును. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ ధూళిని 1997లో క్యాన్సర్ కారకముల మొదటి వర్గమున చేర్చినది. గీయక తప్పనిచో ముందు తడిపి, ముక్కును నోటిని కప్పు గట్టి మాస్కు ధరించి గీయవలెను. మెడలోని తువ్వాలును ముక్కునకు కట్టుకొనుట చాలదు.

పని ముగిసిన పిదప మిగిలిన గ్రౌట్ పొడిని పాఱవేయక, తడి చేరని డబ్బాలో పోసి, సంచిపైనున్న రంగు పేరును సంఖ్యను కాగితముపై వ్రాసి దానికి అంటించి ఉంచుకొనవలెను. అదే పేరుతో వేఱొకమారు కొనిన సంచి రంగు కొంచెము తేడాగా నుండవచ్చును. రెండు టైళ్లు కూడ దానితో దాచినచో, ఎపుడైన కుళాయి గొట్టము బాగుచేయుటకై నేల త్రవ్వవలసి వచ్చినపుడు ఉపయోగపడును.